వేలిముద్రకు జాతి లేదు

కడపలో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడిన పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి. ఇది మొహమాటపడే సభ కాదు.

విషయం టెక్నాలజీ, జాతి, గుర్తింపు. ఇందాక గేటు దగ్గర ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. "జాతి అంటే తెల్లోళ్ళు నల్లోళ్ళ గొడవ గదప్పా, అది అమెరికాది. కడపలో దాని గురించి ఏం మాట్లాడతావు?" అని. అడగాల్సిన ప్రశ్నే. నేను అమెరికా గురించి కూడా మాట్లాడతాను గానీ, మొదలు మాత్రం మద్రాసులో.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. అప్పుడు కడప, కర్నూలు, అనంతపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ముక్కు పొడవెంత, వెడల్పెంత, తల ఎంత అని కొలిచే పరికరాలు పట్టుకుని ఈయన ప్రెసిడెన్సీ అంతా తిరిగేవాడు. వయనాడులో పనియ స్త్రీలు ఆయన్ను చూసి పారిపోయారట. తమలో బాగున్న ఆడవాళ్ళను పట్టుకుపోయి, లోపల గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఈ సంగతి రాసింది థర్‌స్టనే, 1909లో ఏడు సంపుటాలుగా అచ్చయిన తన గ్రంథం ముందుమాటలో. ఆయన తమాషాగా రాశాడు. నాకు మాత్రం ఆ ఆడవాళ్ళు ఆయన పనిని సరిగ్గానే అర్థం చేసుకున్నారనిపిస్తుంది.

ఆయనకు పైన ఉత్తరాదిలో హెర్బర్ట్ రిస్లీ. ముక్కు వెడల్పయ్యేకొద్దీ కులం హోదా తగ్గుతుందని ఈయన సిద్ధాంతం. నవ్వకండి, అప్పట్లో అది సైన్సు. ఆ మనిషే 1901 జనగణనకు కమిషనర్. కులాలను సమాజంలో హోదా ప్రకారం పైనుంచి కిందికి పేర్చాలని నిర్ణయించాడు. దేశం నలుమూలల నుంచీ అర్జీలు వచ్చిపడ్డాయి. మేం ఫలానా వంశం వాళ్ళం, మమ్మల్ని ఇంకా పైన రాయండి అని. అర్జీ పెట్టాలంటే సంఘం కావాలి కదా, కుల సంఘాలకు అక్కడ ఊపు వచ్చింది. అంతకుముందు కులం లేదని నేననడం లేదు. ఉంది, ఘోరంగానే ఉంది. అయితే ఒక జిల్లాలో ఒక రకంగా, పక్క జిల్లాలో ఇంకో రకంగా ఉండే హెచ్చుతగ్గుల్ని దేశమంతటికీ ఒకే పట్టికగా గీయడం, ఆ గీతకు ముక్కు కొలతల్ని సాక్ష్యంగా తేవడం మాత్రం కొత్త.

ఈ కొలతలకు మంచి జవాబు ఇచ్చినవాడు అంబేద్కర్. 1948లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆ ముక్కు లెక్కలనే తీసుకున్నాడు. బ్రాహ్మణులది, అంటరానివాళ్ళని పేరుపెట్టినవాళ్ళది ఒకే జాతి అని మీ కొలతలే చెబుతున్నాయి కదా, మరి అంటరానితనం జాతి భేదం వల్ల వచ్చిందని ఎట్లా అంటారు అని అడిగాడు.

ఇప్పుడు పెద్దాయన అడిగిన అమెరికా. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో పనిచేసి, పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వానికి తెల్లవాడై ఉండాలి, లేదా ఆఫ్రికా సంతతి వాడై ఉండాలి. థింద్ వాదన ఏమిటంటే, మీ శాస్త్రవేత్తలే నన్ను కాకేసియన్ జాతి కింద రాశారు, కాబట్టి నేను తెల్లవాణ్ణే అని. 1923లో సుప్రీంకోర్టు శాస్త్రాన్ని పక్కన పెట్టేసింది. మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పో, అంది. దానికి మూడు నెలల ముందే ఇదే కోర్టు జపాన్ నుంచి వచ్చిన ఒకాయనకు శాస్త్రం ప్రకారం నువ్వు కాకేసియన్ కాదు కాబట్టి కుదరదని చెప్పింది. తర్వాత 1970 జనాభా లెక్కల్లో భారతీయుల్ని తెల్లవాళ్ళలో కలిపారు. 1980 నుంచి ఆసియన్ ఇండియన్ అని వేరే గడి పెట్టారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది బంధువులు ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ గడిలో టిక్కు పెడుతూ ఉంటారు. మనుషులు వాళ్ళే, చర్మం అదే, గడి మాత్రం మారుతూ వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. యంత్రం తనంతట తాను జాతిని కనిపెట్టదు. ఎవరిని కొలవాలి, ఎన్ని గడులు గీయాలి అన్నది ముందే ఒకరు తేల్చి దానికి ఇస్తారు. కొలిచాక ఒక అంకె వస్తుంది. అంకె చూసినవాళ్ళకు ఆ గడులు ప్రకృతి గీసినట్టే కనబడతాయి.

దీనికి వేలిముద్రల కథ కంటే మంచి రుజువు నాకు దొరకలేదు. కాస్త నిదానంగా చెబుతాను.

1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డు సామాను కాంట్రాక్టు రాయించుకుంటూ, కాంట్రాక్టరు రాజ్యధర్ కోనాయ్ అరచేతి ముద్ర కాగితం మీద వేయించాడు. రేపు నేను సంతకం పెట్టలేదని అనకుండా ఉండటానికి. తర్వాత ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ముద్రల వెంట పడ్డాడు. మంచి వంశాల వాళ్ళను పెంచి, తక్కువ రకం వాళ్ళను తగ్గించాలనే యూజెనిక్స్ సిద్ధాంతానికి పేరు పెట్టింది ఈయనే. కాబట్టి ఆయన ఆశ ఏమై ఉంటుందో ఊహించండి. వేలి గీతల్లో జాతి దొరుకుతుందని వెతికాడు. ఇంగ్లీషువాళ్ళవి, యూదులవి, నల్లవాళ్ళవి ముద్రలు తెప్పించి పోల్చాడు. దొరకలేదు. 1892లో అచ్చువేసిన పుస్తకంలో దొరకలేదని ఆయనే ఒప్పుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గీకరించే లెక్కను కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబిన్‌స్పెక్టర్లు. పేరు మాత్రం పై అధికారి హెన్రీది, ఇప్పటికీ హెన్రీ పద్ధతి అనే అంటారు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు.

సరే, వేలిముద్రకు జాతి లేదు, కులం లేదు. ఇది తేలిపోయింది. మరి దాన్ని ఎవరి మీద వాడారు?

1871లో ఉత్తరాదిలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఒక తెగలో పుట్టిన పాపానికి మనిషిని పుట్టుదొంగగా రాసుకునే చట్టం అది. మన వైపు ఎరుకల వాళ్ళు, దొమ్మరులు ఇట్లాంటి వాళ్ళంతా దాని కిందికి వచ్చారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్ళు, గంపలల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు, గడసాని ఆటలు ఆడేవాళ్ళు. రైళ్ళూ రోడ్లూ వచ్చాక వాళ్ళ వ్యాపారం దెబ్బతింది. తిరిగే మనిషిని చూస్తే సర్కారుకు అనుమానం. రిజిస్టరులో పేరు రాసి, వేలిముద్రలు తీసుకుని, పోలీసులకు హాజరు వేయించుకోవాలన్నారు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. 1913లో వాళ్ళను కట్టడిలో ఉంచడానికి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టమైతే పోయింది గానీ, ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె దగ్గరికి జీపు పోతుందో ఈ హాల్లో చాలామందికి తెలుసు.

మనిషిని మనిషిగా, ఒక్కణ్ణి ఒక్కడిగా గుర్తుపట్టగల సాధనం అది. కోట్లమందిలో నీ ముద్ర నీదే అని చెప్పే సాధనం. దాన్ని పట్టుకుని, నువ్వు నువ్వు కాదు, నీ తెగే నువ్వు అని చెప్పే చట్టానికి కాపలా పెట్టారు.

ఇప్పుడు ఆధార్‌కు వద్దాం. 2010 సెప్టెంబరులో మొదలైంది. పది వేళ్ళు, రెండు కళ్ళు, ఒక ఫోటో. 2016 చట్టం చదివితే ఒక మంచి మాట ఉంది: జాతి, మతం, కులం, తెగ, భాష, ఆదాయం, ఆరోగ్యం ఇవేవీ సేకరించకూడదు. మంచి చట్టం రాశారు, మెచ్చుకోవాలి. అయితే బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిష్ పట్టేవాళ్ళ వేళ్ళు చూశారా ఎప్పుడైనా? మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసినవాళ్ళవి? శెనక్కాయలు ఒలిచీ ఒలిచీ, సున్నం కలిపీ కలిపీ గీతలు అరిగిపోయిన చేతులు? రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు. మళ్ళీ పెట్టమ్మా, తుడుచుకుని పెట్టు, ఇంకో వేలు పెట్టు. వెనక క్యూలో సణుగుడు. ఓటీపీ ఉంది, కంటిపాప ఉంది, ఇప్పుడు ముఖం కూడా చూస్తున్నారు, నిజమే, మునుపటి కంటే మేలు. కానీ ఆ ఎర్రలైటు ఎవరికి ఎక్కువసార్లు వెలుగుతుందో చెప్పడానికి మిషన్‌లో కులం గడి అక్కర్లేదు. రాళ్ళు ఎవరు మోస్తారో మనకు తెలుసు కదా. మేజా ముందు కూర్చుని రాసుకునేవాడి వేలు అరగదు.

కెమెరాదీ ఇట్లాంటి కథే. రంగుల ఫిల్ము రోజుల్లో కోడాక్ వాళ్ళు ప్రింటింగ్ ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేవాళ్ళు, షర్లీ కార్డు అంటారు. అందులో ఒక తెల్లమ్మాయి. ఆమె చర్మం సరిగ్గా వస్తే మిషన్ సెట్టింగు సరిగ్గా ఉన్నట్టు. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి కూర్చున్న స్కూలు ఫోటోలో నల్లపిల్లలకు కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడేవి కావు. తల్లిదండ్రుల బాధ కంపెనీని కదిలించలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు మా సరుకు రంగు తేడాలు ఫోటోలో తెలియడం లేదని మొత్తుకున్నాక ఫిల్ము మీద పని మొదలైంది.

అదే కాలంలో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు ఎక్కడికి పోవాలన్నా పాస్‌బుక్ చూపించాలి, అందులో ఫోటో ఉండాలి. ఆ ఫోటోలకు పొలరాయిడ్ ఐడీ-2 కెమెరా వాడారు. ఫ్లాష్ వెలుగు పెంచే బటన్ ఒకటి దానికి ఉండేది. కుటుంబం ఫోటోలో కనబడని ముఖం పోలీసు కాగితంలో మాత్రం స్పష్టంగా కనబడాలి. పొలరాయిడ్‌లో పనిచేసే కెన్ విలియమ్స్, కరోలిన్ హంటర్ అనే ఇద్దరు నల్లవాళ్ళు 1970లో దీని మీద పోరాటం మొదలుపెట్టారు. 1977లో కంపెనీ ఆ దేశం నుంచి తప్పుకుంది.

అందుకే ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ల గురించి ఈమధ్య మాట్లాడేటప్పుడు నాకొక చిరాకు. 2018లో జాయ్ బువొలామ్విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖం చూసి ఆడా మగా చెప్పడంలో తెల్లటి మగవాళ్ళ విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లటి ఆడవాళ్ళ విషయంలో ఒక కంపెనీకి 34.7 శాతం. గొప్ప పని చేశారు వాళ్ళిద్దరూ. కానీ చాలామంది దాన్నుంచి నేర్చుకున్నది ఒకటే: నల్లముఖాలు ఇంకా చాలా పోగేసి మిషన్‌కు నేర్పితే సరిపోతుంది అని. డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన్ను 2020 జనవరిలో, ఆయన చేయని దొంగతనానికి, భార్యాపిల్లల ముందే అరెస్టు చేశారు. సాఫ్ట్‌వేర్ ఇంకెవరి ముఖాన్నో ఈయనది అనుకుంది. మిషన్ బాగుపడితే ఆయన ఇంటికి పోలీసులు వచ్చేవాళ్ళు కారు, ఒప్పుకుంటాను. మరి బాగుపడిన మిషన్‌ను ఏ పేటలో కరెంటు స్తంభానికి కడతారు? నూరేళ్ళ కిందట ఎరుకల వాళ్ళను పోలీసులు గుర్తుపట్టలేక ఇబ్బంది పెట్టారా, గుర్తుపట్టి ఇబ్బంది పెట్టారా? నన్ను మిషన్ చూడలేకపోవడం ఒక బాధ. అదే మిషన్ నన్ను మాత్రమే కళ్ళార్పకుండా చూడటం ఇంకో బాధ. మొదటిదాన్ని బాగుచేసేవాళ్ళు రెండోదాని గురించి కూడా జవాబు చెప్పాలి.

ఆస్పత్రి దగ్గర మాత్రం నన్ను చూడకపోవడమే ప్రాణాంతకం. కరోనా మొదట్లో మన రాష్ట్రంలో కర్నూలు ఎట్లా అల్లాడిపోయిందో మీకు గుర్తుంది. ఇంటింటికీ ఆక్సీమీటర్ వచ్చింది, వేలికి క్లిప్పు పెట్టి 94 దాటిందా లేదా అని చూసుకుంటూ రాత్రిళ్ళు గడిపాం. అది వేలి గుండా ఎర్ర కాంతిని, పరారుణ కాంతిని పంపి లెక్కకట్టే యంత్రం. చర్మంలోని నల్లరంగు ఆ కాంతిని కొంత మింగుతుంది. 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు ఒక లెక్క ప్రచురించారు. మీటరు 92 నుంచి 96 దాకా చూపిస్తూ ఉంటే, రక్తం తీసి చూసినప్పుడు ఆక్సిజన్ నిజానికి 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. పరవాలేదు ఇంటికి పో అని మీటరు చెబితే ఎవరు ఇంటికి పోయి ఉంటారో ఆలోచించండి. మన పొలాల్లో ఎండకు కమిలిన చేతుల మీద దాన్ని ఇట్లా పరీక్షించి చూశారా అని అడగాల్సిన పని మన మెడికల్ కాలేజీలది.

దీనికి తలకిందులుగా ఇంకొకటి ఉంది. అమెరికాలో కిడ్నీ పనితీరు లెక్కించే సూత్రంలో రోగి నల్లవాడైతే ఫలితాన్ని దాదాపు 16 శాతం పెంచి రాసేవాళ్ళు. వాళ్ళ ఒంటితీరు వేరు అని నమ్మకం. దాంతో నల్లవాళ్ళ కిడ్నీ కాగితం మీద ఆరోగ్యంగా కనబడేది, మార్పిడి వరసలో వెనకబడేవాళ్ళు. 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. ఒకచోట రంగును లెక్కలోకి తీసుకోక చెడింది, ఇంకోచోట జాతిని లెక్కలో కలిపి చెడింది. చర్మం రంగు ఒంటి మీద ఉండేది, కాంతికి అడ్డం పడేది. జాతి గడిలో రాసుకున్నది. రెండూ ఒకటే అనుకుంటే రెండు చోట్లా తప్పే జరుగుతుంది.

నీళ్ళు తాగి, నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. పేర్లు.

పేరును బట్టి మతం, కులం ఊహించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఓటరు జాబితాల మీద పరిశోధకులు వాడతారు, ఎన్నికల లెక్కలు వేసేవాళ్ళకూ ఇది ఇష్టమైన పనే. పరిశోధకుల ఉద్దేశం మంచిదే కావచ్చు, ఏ వర్గానికి ఎంత అన్యాయం జరుగుతోందో తెలియాలంటే లెక్క కావాలి. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి మా సీమకు తీసుకురమ్మనండి. అనంతపురం జిల్లా నార్పల దగ్గర గూగూడు ఉంది. మొహర్రానికి అక్కడ కుళ్ళాయిస్వామి పీరు లేస్తుంది, అగ్నిగుండం తొక్కుతారు, వచ్చే జనంలో ఎక్కువమంది హిందువులు. మొక్కుకుని పుట్టిన పిల్లలకు కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పెడతారు. మన కడపలోనే దస్తగిరి అని పిలిస్తే వెనక్కి తిరిగే మనిషి ఏ మతమో చెప్పండి చూద్దాం. మస్తానయ్య ఎవరు? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్ళలో హుస్సేనయ్య, ఇమామప్ప లాంటి పేర్లున్నాయి, సగం అక్కడ, సగం ఇక్కడ. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఆయనే. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అంటారు. ఎక్కడి మిషన్ దీన్ని ఏ గడిలో వేస్తుంది?

అదేదో రాయలసీమ గొప్పతనం అని మురిసిపోవడానికి చెప్పడం లేదు. ఇదే సీమలో రెండు గ్లాసులు పెట్టిన హోటళ్ళు కూడా ఉండేవి. నేను చెప్పేది, మిషన్ తప్పు చేస్తే ఏం జరుగుతుందని. మొదట మిషన్ తప్పవుతుంది. కొన్నాళ్ళకు మిషన్‌కు తగ్గట్టు మనుషులు సర్దుకుంటారు. ఫారంలో ఇబ్బంది ఎందుకని, పాస్‌పోర్టులో ప్రశ్నలెందుకని, పిల్లలకు ఏ గడిలోనైనా ఒక్కదాంట్లోనే పట్టే పేరు పెడతారు. మొన్నటి తరంలో ఉన్నన్ని కుళ్ళాయప్పలు ఈ హాల్లో కూర్చున్న పిల్లల్లో ఉన్నారా? చేతులెత్తమని అడగను లెండి.

పేరు కూడా అక్కర్లేదు ఒక్కోసారి. అమెరికా ఆస్పత్రుల్లో ఎవరికి అదనపు వైద్యం కావాలో చెప్పే ఒక సాఫ్ట్‌వేర్‌ను 2019లో పరీక్షించారు. అందులో జాతి గడి లేనే లేదు. రోగి మీద ఎంత ఖర్చయిందో చూసి, ఎక్కువ ఖర్చయినవాడికి ఎక్కువ జబ్బు అని లెక్కగట్టేది. నల్లవాళ్ళ మీద ఖర్చే తక్కువ పెట్టారు కదా, కాబట్టి జబ్బు తక్కువ అనేసింది. ఆ వంకర సరిచేస్తే అదనపు సాయం అందాల్సినవాళ్ళలో నల్లవాళ్ళ వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పోతుందని తేలింది. ఇక్కడ అప్పిచ్చే యాప్‌కు పిన్‌కోడు, చదివిన బడి, నాన్న పని చాలు. ఊళ్ళో ఏ వీధో తెలిస్తే మనం ఊహించమా? అదీ అంతే.

డీఎన్ఏ గురించి కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే వాట్సాప్‌లో దీని మీద వచ్చినంత చెత్త ఇంకదేని మీదా రాదు. 1972లో రిచర్డ్ లెవొంటిన్ లెక్కగట్టాడు: మనుషుల మధ్య ఉండే జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటుంది, జాతికీ జాతికీ మధ్య ఉండేది చాలా కొంచెం. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు, హార్వర్డ్ వాళ్ళు కలిసి చేసిన పనిలో, పరీక్షించిన సమూహాలు దాదాపు అన్నీ రెండు పాత జనాల కలయికేనని తేలింది. పాళ్ళు మారుతాయంతే. 2013లో ఆ కలయిక కాలం కట్టారు: సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా అందరూ కలిసిపోయారు, ఆ తర్వాత పెళ్ళిళ్ళు గిరి గీసుకుని ఆగిపోయాయి. మా కులం రక్తమే వేరు అని పోస్టు పెట్టే కుర్రవాడు సగం చదివి ఆపేస్తాడు. కులాల మధ్య జన్యు తేడా కనబడుతున్న మాట నిజం. అది పుట్టుకతో వచ్చిన గొప్ప వల్ల కాదు, పదుల తరాలుగా పిల్లను బయట ఇవ్వకపోవడం వల్ల.

అట్లా ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా అదే సైన్సు చెప్పింది. మన తెలుగు వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం వంశంగా వస్తుంది. మామూలుగా ఆ లోపం ఉన్న సంగతే తెలియదు. ఆపరేషన్ కోసం కండరాలు సడలించే ఒక మందు ఇస్తే మాత్రం అది ఒంట్లో కరగదు, ఊపిరి తిరిగి తీసుకోవడానికి నిమిషాలు పట్టాల్సింది గంటలు పడుతుంది. పొద్దుటూరులాంటి ఊళ్ళో మత్తు డాక్టర్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇది వాళ్ళొక్కరి సంగతి కాదు. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, వాటిలో 81 చోట్ల కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చిన ముద్ర, వంశవ్యాధులకు పేరుపడిన ఫిన్లండ్ వాళ్ళకంటే, యూదులకంటే గట్టిగా ఉంది. మరి మన మేనరికాల సంగతి వేరే చెప్పాలా.

ఇక రంగు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరు మార్చుకుంది, డబ్బా లోపల క్రీము ఎట్లాగూ ఉంది. అదే ఏడు ఒక పెద్ద పెళ్ళిసంబంధాల సైటు చర్మం రంగు ఫిల్టర్ తీసేసింది. కులం ఫిల్టర్ మాత్రం దానికి అడ్డం రాలేదు, అది పోతే కస్టమరే పోతాడు. 2017లో ఒక యాప్ అందంగా చేసే బటన్ నొక్కితే ముఖాన్ని తెల్లగా చేసేసిందని గొడవైంది, క్షమాపణ చెప్పారు. ఇప్పుడు ఆ బటన్ నొక్కే శ్రమ కూడా లేదు, చాలా ఫోన్లు సెల్ఫీ తీయగానే వాటంతటవే నున్నగా చేసిస్తాయి. మన పెళ్ళి ఆల్బముల్లో పెళ్ళికూతురి ముఖం ఒక రంగు, చెయ్యి ఇంకో రంగు ఉండటం చూసే ఉంటారు.

మాట కూడా ఇంతే. 2020లో ఐదు పెద్ద కంపెనీల వాయిస్ సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, అమెరికా తెల్లవాళ్ళ మాటల్లో నూటికి 19 తప్పు విన్నాయి, నల్లవాళ్ళ మాటల్లో 35. మీరు ఇంటికి పోయి ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి, మీ అవ్వతో "యాడికి పోతాండావ్‌రా" అనిపించి చూడండి. ఏం రాస్తుందో నేను చెప్పను. సినిమా మన యాసను విలన్లకు ఇచ్చింది, ఫోన్ అసలు వినబడనట్టు నటిస్తుంది.

చివరిగా జనగణన. 1931 తర్వాత దేశమంతటా కులాలన్నీ లెక్కపెట్టి బయటపెట్టింది లేదు. 2024 జనవరిలో మన రాష్ట్రంలో మొబైల్ యాప్‌తో కులగణన చేశారు. 2027 జనగణనలో దేశమంతా కులం అడుగుతారు, అదీ ఫోన్లలోనే. నేను దీనికి అనుకూలం. లెక్క లేకపోతే వాటా అడగలేం. కానీ ఒక్క సంగతి చూడండి. 1931లో కులాలు 4,147. 2011లో చేసిన సామాజిక ఆర్థిక లెక్కలో ప్రజలు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయి. ఇంటిపేరు చెప్పినవాళ్ళు, గోత్రం చెప్పినవాళ్ళు, ఉపకులం, బిరుదు, స్పెల్లింగ్ తేడాలు. దాంతో ఆ లెక్క మూలన పడింది. ఇప్పుడు ఫోన్‌లో జాబితా పెట్టి ఎంచుకోమంటే పని సులువవుతుంది. ఆ జాబితా తయారుచేసే గదిలో ఎవరు కూర్చుంటారు? ఊరూరా తిరిగే చిన్న సంచార కులాలు, ఒక జిల్లాలో ఒక పేరు, ఇంకో జిల్లాలో ఇంకో పేరు ఉన్నవాళ్ళు, జాబితాలో తమ పేరు లేకపోతే ఇతరులు అనే చోట పడతారు. వాళ్ళ తరఫున ఆ గదిలో అడిగే మనిషి ఒకరుండాలి. డిగ్రీ చదివే పిల్లలు ఆ ఎన్యూమరేటర్‌తో పాటు నాలుగిళ్ళు తిరిగినా సగం పని అవుతుంది.

ఇక చాలు. ప్రశ్నలుంటే అడగండి.

విద్యార్థిని: సార్, ఉమ్ముతో డీఎన్ఏ టెస్ట్ చేసి పూర్వీకులు ఎవరో శాతాల్లో చెబుతారు కదా. చేయించుకోవచ్చా?

మంచి ప్రశ్న అమ్మా. ఆ శాతాలు, కంపెనీ దగ్గర ఇప్పటికే ఉన్న నమూనాలతో నిన్ను పోల్చి చెప్పేవి. వాళ్ళ నమూనాలు మారితే నీ తాతముత్తాతలూ మారతారు, మనుషులు చనిపోయి వెయ్యేళ్ళయినా సరే. సొంత అక్కాచెల్లెళ్ళకే వేరువేరు శాతాలు వస్తాయి. పెళ్ళికి ముందు తలసేమియా లాంటివి చూసుకోవాలంటే ఆస్పత్రిలో డాక్టరు రాసిన పరీక్ష చేయించుకో, దానికి నేను వద్దనను. పూర్వీకుల కోసమైతే నీ ఇష్టం, కానీ ఒకటి విను. అమెరికాలో ఈ పని చేసే పెద్ద కంపెనీ 23అండ్‌మీ. 2023లో దాన్నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. దొంగలు వాటిని అమ్మకానికి పెట్టినప్పుడు ఎట్లా పెట్టారో తెలుసా? యూదుల జాబితా అని ఒకటి, చైనా సంతతి వాళ్ళ జాబితా అని ఇంకొకటి. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అప్పుడు ఆ ఉమ్ము నమూనాలు ఎవరి చేతికి పోతాయా అని అమెరికా రాష్ట్రాలు కంగారుపడ్డాయి. ఇంకో విషయం, టెస్ట్ నువ్వొక్కదానివే చేయించుకున్నా మీ అన్న గురించి, పుట్టబోయే నీ పిల్లల గురించి సగం సమాచారం అందులో పోయినట్టే. వాళ్ళను ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో ముందు మీ అన్ననడుగు, వాడేమంటాడో చూడు.